మూడో వంతు అద్దె

ఆ ఆదివారం ఉదయం గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇల్లు చూడటం, అడ్వాన్సు ఇవ్వటం, భోజనం వేళకు తిరిగి రావటం. ఉన్న ఇల్లు నెలాఖరుకు ఖాళీ చేయాలి. జీతం ఇరవై నాలుగు వేలు. అద్దె అందులో మూడో వంతు దాటితే పాపకు పాలు కూడా రావని భార్య తేల్చేసింది. అంటే ఎనిమిది వేలు.

"జీతం కాస్త పెంచి చెప్పు బావా," అన్నాడు బావమరిది. "ఉన్నది చెబితే గుమ్మం కూడా ఎక్కనివ్వరు."

ఇంటి ఓనరు రిటైరైన లెక్కల మాస్టారు. భార్యాభర్తలిద్దరికీ మూడు గదులూ చూపించి, కళ్ళజోడు సవరించుకున్నారు.

"జీతమెంత బాబూ?"

"ముప్పై ఆరు వేలండి."

"అయితే అద్దె పన్నెండు. నేను గోడల్ని చూసి అద్దె చెప్పను, మనిషిని చూసి చెబుతాను. ఎవరికైనా జీతంలో మూడో వంతే."

నిజం చెప్పి ఉంటే ఎనిమిదికే వచ్చేది. భార్య వెనకనుంచి గిల్లింది.

"అంటే... వచ్చే నెలనుంచి ఇరవై నాలుగుకు తగ్గిస్తారటండి," అన్నాడు.

మాస్టారి మనసు కరిగిపోయింది, అద్దె ఎనిమిదికి దించారు. అంతటితో ఆగితే బాగుండేది. సోమవారం పొద్దున్నే ఆఫీసుకు ఫోన్ చేశారు.

"ముప్పై ఆరు వేల గుమాస్తాకు జీతం కోస్తారా? మీకు పిల్లల్లేరా?"

ఫోనెత్తిన మేనేజరుకు ముప్పై ఆరన్న అంకె తప్ప మరేమీ వినపడలేదు. ఆయన జీతం ముప్పై రెండు. టీ కూడా తాగకుండా నేరుగా కంపెనీ పెద్దాయన గదిలోకి వెళ్ళి, గుమాస్తాకన్నా తనకు తక్కువేమిటని అడిగాడు. తన గుమాస్తాకు తనెంత ఇస్తున్నాడో తనకే తెలియదని ఒప్పుకోవటం పెద్దాయనకు నామోషీ అనిపించింది.

"సరేలే, గోల చేయకు. నీకూ ముప్పై ఆరు చేస్తున్నా."

మధ్యాహ్నం గుమాస్తా మేనేజరు గదికి వచ్చి నిజం కక్కేశాడు.

"అద్దె ఇంటి కోసం అబద్ధం చెప్పాను సార్. నాది ఇరవై నాలుగే."

మేనేజరు లేచి తలుపు వేశాడు. "ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?"

"లేదు సార్."

"అనకు. ఇంతకీ ఆ ఇల్లెలా ఉంది?"

ముప్పై ఆరు వేల మనిషి ఉండదగిన ఇల్లేదో చూద్దామని మేనేజరు ఆ సాయంత్రమే వెళ్ళాడు, చూశాడు, పన్నెండు వేలకు దిగిపోయాడు. కాదనలేక తప్పుకున్న గుమాస్తా, ఆయన ఖాళీ చేసిన ఎనిమిది వేల ఇంట్లోకి చేరాడు. మేనేజరుకు పెరిగిన నాలుగు వేలూ ప్రతి ఒకటో తారీఖున నేరుగా మాస్టారి చేతికి చేరుతున్నాయి.

ఏడాది తిరిగింది. పాపను బడిలో వేసే వేళ దగ్గరపడటంతో, గుమాస్తా ధైర్యం తెచ్చుకుని జీతం పెంచమని పెద్దాయనను అడిగాడు. పక్కనే నిలబడ్డ మేనేజరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఏమయ్యా, ముప్పై ఆరు వేలు సరిపోవటం లేదా?" అన్నాడు పెద్దాయన.

"సరిపోతున్నాయండి," అన్నాడు గుమాస్తా.