పుట్టకముందే కొన్న బట్టలు

భూమేశ్వర్ ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. తల్లి నీలవ్వ చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోతుంది. తిరిగి రావడానికి రెండు గంటలు పడుతుంది. ఆలోగా ఆర్మూర్ బజారుకు పోయి, పుట్టబోయే బిడ్డకు బట్టలు కొని, పెర్కిట్‌లోని ఇంటికి తెచ్చి, పసుపు బస్తాల వెనక దాచాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. భూమేశ్వర్ అలా అనుకునే మనిషి కాదు. ఏడాదిగా అతను నల్లా తిప్పినా నీళ్లు రావనే అనుకుంటున్నాడు.

అందుకు కారణం ఉంది. పోయినేడు భార్య నందిని తొలిసారి కడుపుతో ఉన్నప్పుడు ఏడో నెలలోనే ఉయ్యాల, ఊలు టోపీ, గిలక్కాయలు అన్నీ కొన్నాడు. బిడ్డ పుట్టింది గానీ ఏడవలేదు. ఉయ్యాలను విప్పి అటక మీద పెట్టింది అతనే. ఆ రోజు నుంచి నీలవ్వ ఒకటే మాట పట్టుకుంది: పుట్టకముందు బిడ్డకు కొత్త బట్ట ఇంటికి రాకూడదు.

దవాఖాన వాళ్ల మాట వేరు. ప్రతి బుధవారం గర్భిణులకూ వాళ్ల మొగుళ్లకూ తరగతి పెట్టే నర్సు స్వర్ణలత, బొమ్మను గుడ్డలో చుట్టి ఎత్తుకోవడం నేర్పింది. కాన్పు సంచి ముందే సర్దుకొమ్మని జాబితా రాసిచ్చింది. భూమేశ్వర్ చేతిలో ఆ బొమ్మ తల రెండుసార్లు కిందికి జారింది. "గది బొమ్మనే అన్నా, ఏం గాదు. మల్ల పట్టు," అంది ఆమె. అతను కళ్లు తుడుచుకుంటుంటే మిగతా మొగుళ్లు గోడకేసి చూశారు.

"నువ్వయితే కొనుకరా. అత్తమ్మకు ఎర్కయితే మాత్రం బతుకనియ్యది," అని నందిని నిండు పొట్ట పట్టుకుని సాగనంపింది.

బట్టల కొట్టు అంజవ్వది. ఆమెకు నీలవ్వ తెలుసు, నీలవ్వ పట్టింపూ తెలుసు.

"ఎవలికి భూమేషూ?"

అలవాటు లేనివాడు అబద్ధమాడితే కొరివితో తల గోక్కున్నట్టే. చిన్నమ్మ కొడుకు రఘునందన్ మస్కట్ నుంచి పంపిన ఫోటోను ఆటోలో వస్తూ చూశాడు. ఆ పేరే నోటికొచ్చింది.

"మా మెండోర రఘునందన్ ఇంటికి. వాని పెండ్లాం రజనికి నెలలు నిండినయి."

"మరి నువ్వు కొంటున్నవా?"

"నేను గాకపోతే ఆమెకు ఇంకెవలున్నరు?"

ఈ చివరి మాట అనవసరం. రఘునందన్ ఇంటి మొహం చూసి రెండేళ్లయిందన్న సంగతి అంజవ్వకు వెంటనే గుర్తొచ్చింది. భూమేశ్వర్‌కు రాలేదు. ఆమె నాలుగు జబ్లాలు మడిచి సంచిలో పెట్టి, ఇంకేమీ అడగలేదు. అంజవ్వ ఏమీ అడగని రోజు ఊరికి మంచిది కాదని అతనికి తట్టవలసింది.

అతను ఇల్లు చేరేలోపు కబురు కార్ఖానాకు చేరింది. నీలవ్వ బీడీల గంప అక్కడే వదిలి, మెండోరకు ఆటో మాట్లాడుకుంది. దారిలోనే మస్కట్‌కు ఫోన్ కొట్టి, "నీ పెండ్లానికి నెలలు నిండినయట, నీకెర్కేనా?" అని అడిగింది. అటు ఫోను కట్టయింది. ఆ తర్వాత ఆ ఫోను ఎంతకీ కలవలేదు.

మెండోరలో రజని కళ్లంలో మక్కలు ఆరబోస్తోంది. చెప్పాపెట్టకుండా ఆటో దిగి, ముఖం నల్లబడి వస్తున్న నీలవ్వను చూసింది. నందినికి ఇవాళో రేపో కాన్పని ఆమెకు తెలుసు. పోయినేడు జరిగిందీ తెలుసు. ఆ కబురే మళ్లీ వచ్చిందనుకుని చేతిలో చాట పడేసి, నీలవ్వను గట్టిగా పట్టుకుని బావురుమంది. తన పొట్ట సంగతి చూసే వ్యవధి కూడా నీలవ్వకు ఇవ్వలేదు.

"గిట్లెట్లాయె అత్తా! మల్లా గిట్లనే ఆయె!"

"మల్లానా? ఎన్నిసార్లాయెనే?" అంది నీలవ్వ.

"దేవుడు మన మొకం జూడలేదు..."

"దేవుని మీద పెట్టకు. మా భూమేషు సంగతి చెప్పు!"

"పాపం, భూమేషు బావ ఎట్లున్నడు?"

నీలవ్వ అక్కడే మక్కల మీద కూలబడి కొడుక్కు ఫోన్ చేసింది.

భూమేశ్వర్ ఆ సమయంలో బస్తాల సందున రెండు చేతులూ దూర్చి ఉన్నాడు. నందిని ఫోన్ ఎత్తి స్పీకరులో పెట్టింది.

"ఒరేయ్, ఇంట్ల పెండ్లాం నిండు నెలలతోని ఉండంగ, తమ్ముని పెండ్లానికి బిడ్డ బట్టలు కొంటవారా?"

అతను బస్తాల సందులోంచి చేతులు లాక్కున్నాడు. నందిని మాత్రం తలుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఏడాదిలో ఆమె నవ్వడం అదే మొదలు. నవ్వి నవ్వి, సగంలో ఆగి, కాళ్ల కిందికి చూసుకుంది. ఉమ్మనీరు పోయింది.

"అమ్మా, గవి మనకే. నేనే కొన్న, అబద్ధమాడిన. నందినికి నీళ్లు వోయినయి. నువ్వు జల్ది దవాఖానకు రా."



"కొత్తయి కొన్నవా కొడకా," అంది నీలవ్వ. తిట్టినట్టు లేదు. ఏడ్చినట్టుంది.

దవాఖానలో స్వర్ణలత అతన్ని కాన్పు గదిలోకి రానిచ్చింది. నేర్పినట్టే నందిని నడుము రుద్దాడు, ఊపిరి తీసుకొమ్మని చెప్పాడు, తాను తీసుకోవడం మరిచాడు. సాయంత్రానికి బిడ్డ బయటికొచ్చింది. ఏడవలేదు. భూమేశ్వర్ తల గోడకు ఆనించాడు. ఆ నాలుగు జబ్లాలే చంపాయని, చంపింది తానేనని నమ్మాడు. స్వర్ణలత బిడ్డ వీపు తుడిచింది, మళ్లీ తుడిచింది.

అప్పుడు ఏడ్చింది. ఆడబిడ్డ, కోపంగా, కీచుగా, ఆపకుండా. భూమేశ్వర్ నేల మీద కూర్చుని బిడ్డకంటే గట్టిగా ఏడ్చాడు.

నీలవ్వ వెంట రజని కూడా వచ్చింది, తన కూతురు తొడుక్కుని విడిచిన గౌన్లు మూటగట్టుకుని. బతికి బట్టకట్టిన పిల్లవి గనుక పాతవి తొడగొచ్చని నీలవ్వ ఒప్పుకుంది. కొత్త సంచి తన ఒళ్లోకి లాక్కుని, "ఇరవై ఒక్క దినాలు గానీ, అప్పుడు తొడుగుదాం," అంది. ఆమె నోట అంతకంటే పెద్ద మాట రాదు.

ఆ రోజు అందరూ అందరికీ నిజం చెప్పుకున్నారు. మస్కట్‌కు చెప్పడం ఒక్కటే మరిచారు.

మర్నాడు మధ్యాహ్నం దవాఖానలో నందిని అటు తిరిగి పడుకుని ఉంది. రజని పసిగుడ్డును ఒళ్లో వేసుకుని మంచం అంచున కూర్చుంది. భూమేశ్వర్ వంగి బిడ్డ వేళ్లు చూస్తున్నాడు. గుమ్మంలో చేతిసంచి దబ్బున పడింది. రఘునందన్! రెండేళ్లుగా దొరకని సెలవు ఒక్క పూటలో సంపాదించుకుని వచ్చాడు. గడ్డం మాసి, కళ్లు ఎర్రబడి ఉన్నాయి. పెండ్లాన్ని, ఆమె ఒళ్లో బిడ్డను, పక్కన అన్నను వరుసగా చూశాడు.

"రజనీ..." అన్నాడు.

రజని ఏదో చెప్పబోయేలోపే నీలవ్వ లేచింది.

"సిగ్గులేదారా? గా బిడ్డ నందిని బిడ్డ. బంగారమసుంటి పెండ్లాన్ని పట్టుకొని అనుమానమా? ఎవలో ఏదో అంటే సముద్రం దాటి ఉరికొస్తవా?"

ఆ అన్నది ఎవరో గదిలో అందరికీ తెలుసు గానీ, బిడ్డ నిద్రపోతున్నందున ఎవరూ నోరు విప్పలేదు.