తలలో పూలు పెట్టుకున్న లైట్‌హౌసు

లైట్‌హౌసులకు సామగ్రి చేరవేసే ఓడలో ఆయన చీఫ్ ఆఫీసరు. ముడి వెయ్యడంలో తనంతటివాడు ఆ రేవులోనే లేడని పేరు. ఆ పేరు రేవు పెట్టింది కాదు, ఆయనే పెట్టుకున్నది. అందుకే దర్జీ కట్టిచ్చిన రెండు మూటలనూ నమ్మక, ఇంటికి తెచ్చి, రెంటినీ ఒకే రకం గోనెపట్టాలో చుట్టి, ఒకే రకం ముడి బిగించాడు. ఒకదానిలో లైట్‌హౌసుకు కుట్టించిన మందపాటి నల్ల పరదాలు. రెండోదానిలో హాలు కోసం ఆయన భార్య నాలుగు బజార్లు తిరిగి ఎంచుకున్న పరదాలు. వాటి నిండా క్యాబేజీలంత ఎర్ర గులాబీలు.

"ఏవండీ, మధ్యాహ్నం అక్క వస్తోంది. ఈలోగా పరదాలు తగిలించేస్తాను. మీ మూట గుమ్మం దగ్గర పెట్టాను," అంది ఆవిడ పొద్దున్నే.

"నేను వేసిన ముడేనా?"

"రెండూ మీరు వేసినవేగా!"

ఆ మాటకు పొంగిపోయి, మూట చంకన పెట్టుకుని రేవుకు బయల్దేరాడు.

ఆ రోజు ఓడలో డైరెక్టరుగారు కూడా ఉన్నారు. సముద్రం మధ్య రాతిగుట్ట మీదున్న ఆ లైట్‌హౌసును ఉంచాలో, మూసెయ్యాలో తేల్చడానికే ఆయన వచ్చారు. మూసేస్తే ఈ ఓడ తుక్కు కిందికి పోతుంది, చీఫ్ ఆఫీసరు ఒడ్డున ఆఫీసు కుర్చీలోకి పోతాడు. అందరికీ ఓడెక్కితే కడుపులో తిప్పుతుంది. ఈయనకు దిగితే తిప్పుతుంది.

"ఈ రోజుల్లో లైట్‌హౌసును తలెత్తి చూసేవాడెవడయ్యా?" అన్నారు డైరెక్టరుగారు టీ తాగుతూ. "అందరూ ఓడ గదిలో కూర్చుని జీపీఎస్ తెర చూసుకుంటూ పోతున్నారు. చూసేవాడిని ఒక్కడిని చూపించు, ఉంచేద్దాం."

గుట్ట దగ్గరపడగానే చీఫ్ ఆఫీసరు మూట తీసుకుని, కళాసీల పెద్ద సరంగును వెంటబెట్టుకుని, చిన్న పడవలో గుట్ట మీదికి చేరాడు.

లైట్‌హౌసు పైగదిలో నిలువెత్తు గాజు కటకం ఉంటుంది. రాత్రి దీపాన్ని దూరం పంపే ఆ కటకమే, పగలు ఎండ తగిలితే ఆ వేడినంతా ఒక్కచోటికి పోగుచేసి ఎదురున్నదాన్ని కాల్చేస్తుంది. అందుకే పగలు చుట్టూ పరదాలు వేసి ఉంచుతారు. పాతవి చీకిపోయి, సరంగు లాగగానే పేలికలై చేతికొచ్చాయి. చీఫ్ ఆఫీసరు కొత్త మూట విప్పబోయాడు. ముడి రాలేదు. మంచి ముడి మరి! గోళ్ళతో పీకాడు, పళ్ళతో లాగాడు. ఈలోగా ఎండ లోపలికొచ్చింది.

"సార్! నా టోపీ!" అని అరిచాడు సరంగు. స్టూలు మీద టోపీ పొగలు కక్కుతోంది.

అప్పటికి ముడి ఊడింది. గులాబీలు బయటపడ్డాయి.

"ఇవేంటి సార్?"

"మా హాలు," అన్నాడు చీఫ్ ఆఫీసరు నీరసంగా.

"ఇప్పుడేం చేద్దాం?"

"టోపీ అయింది. తర్వాత మనమే. తగిలించు!"

ఓడకు కబురు పెడితే టార్పాలిన్ పంపేవారు. కానీ అడిగితే డైరెక్టరుగారికి తెలిసిపోతుంది. సాయంత్రం దాకా ఎవరి కంటా పడకపోతే చాలనుకున్నాడు. లైట్‌హౌసును ఎవరి కంటా పడకుండా దాచాలనుకున్న మొదటి మనిషి బహుశా ఆయనే.

కాసేపటికే పైగదిలోని రేడియో గురగురలాడింది. అటుగా పోతున్న సరుకుల ఓడ కెప్టెన్.

"మా లైట్‌హౌసుల పుస్తకంలో తెల్ల స్తంభం, నల్ల తల అని ఉంది. ఇక్కడేమో తలలో పూలున్నాయి. మేం దారి తప్పామా?"

"తప్పలేదు. మీ దారిన మీరు వెళ్ళండి."

"ముందు ఆ పూలేంటో చెప్పండి."

"పరదాలు."

"ఎవరివి?"

'మా ఆవిడవి' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. "డిపార్టుమెంటువి," అన్నాడు.

కెప్టెన్ నమ్మలేదు, లంగరు వేసేశాడు. వెనకొస్తున్న చమురు ఓడ, ముందుది గుట్టకెక్కిందనుకుని తనూ ఆగింది. రెండు ఓడలు ఆగాయంటే ఏదో ఘోరమే జరిగిందని చేపల పడవలన్నీ సాయానికి వచ్చాయి. ప్రయాణికుల పడవలో జనమంతా చూడటానికి ఒక పక్కకు చేరేసరికి అది కాస్తా ఒరిగింది. లైట్‌హౌసు రూపం మారితే అందరికీ తెలియజెయ్యాలని రూలు. గత్యంతరం లేక చీఫ్ ఆఫీసరే రేడియోలో చదివాడు: "అన్ని ఓడలకూ హెచ్చరిక. తెల్ల స్తంభం, తలలో ఎర్ర పూలు. అవి పూలే. ప్రమాదం లేదు."

అంతవరకు చూడనివాళ్ళు కూడా అప్పుడు చూశారు.

అంతలో భార్య ఫోను. "ఏవండీ, ఇవేం పరదాలండీ? అక్క వచ్చే వేళయిందని ఉన్నవే తగిలించాను, హాలంతా పట్టపగలే చీకటి. అక్క 'కరెంటు పోయిందా?' అంటూ బల్లకు కొట్టుకుంది. నా పూల పరదాలేవీ?"

"భద్రంగా ఉన్నాయి. చాలామంది చూస్తున్నారు," అని పెట్టేశాడు.

మెట్ల మీద ఆయాసం వినిపించింది. డైరెక్టరుగారు పైకొచ్చి గులాబీలను చూశారు, కాలిన టోపీని చూశారు, పరదా తొలగించి సముద్రాన్ని చూశారు. చీఫ్ ఆఫీసరు ఆయన భుజం మీదుగా తన ఓడను, ఇదే చివరిసారనుకుని చూసుకున్నాడు.

"తప్పు నాదే సార్. సరంగుది కాదు. ముడి కూడా నాదే."

"తప్పేమిటయ్యా?" అన్నారు డైరెక్టరుగారు రొప్పుతూ. "చూసేవాడిని ఒక్కడిని చూపించమన్నాను. నువ్వు సముద్రాన్నంతా నిలబెట్టి చూపించావు. ఇక దీన్ని మూసెయ్యమని నేను ఏ మొహం పెట్టుకుని రాయాలి?"

చీఫ్ ఆఫీసరు కళ్ళు చెమర్చాయి. సిగ్గుపడకుండా గులాబీ పరదాతోనే తుడుచుకున్నాడు.

లైట్‌హౌసు నిలిచింది, ఓడా నిలిచింది. కాకపోతే ఆయన చదివిన హెచ్చరిక అప్పటికే ఓడల పుస్తకాలన్నిటిలోకీ ఎక్కిపోయింది: తెల్ల స్తంభం, తలలో ఎర్ర పూలు. దాన్ని మళ్ళీ మార్చాలంటే కమిటీ కూర్చోవాలి. కమిటీ ఇంకా కూర్చోలేదు కాబట్టి గులాబీలు అక్కడే, నల్ల పరదాలు ఇంట్లోనే ఉండిపోయాయి. వదినగారు ఇప్పుడు టార్చిలైటుతో వస్తోంది.

దీపం కింద చీకటి అన్న సామెతకు ఇప్పుడు చీఫ్ ఆఫీసరు ఇంటి నంబరు కూడా ఉంది.