గ్రేస్ బేస్ గిటార్ నిర్మాణ కమిటీ

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల కళాభిమానులకు ఒక శుభవార్త. కోదాడకు చెందిన కుమారి గ్రేస్‌కు ఐదు తీగల బేస్ గిటార్ చేయించే కార్యక్రమంలో ప్రణాళికా దశ దిగ్విజయంగా సాగుతోంది. ఇక గిటార్ ఒక్కటే మిగిలింది. కమిటీ ప్రచార కార్యదర్శిగా ఈ వివరాలు మీ ముందుంచడం నా విధి.

గ్రేస్ ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. ఆదివారాలు చర్చిలో బేస్ వాయిస్తుంది. బేస్ అంటే తెలియనివారి కోసం చెబుతున్నాను. పెళ్ళి ఊరేగింపు ఇంకా వీధి చివర ఉండగానే మన ఇంటి కిటికీలు గడగడలాడతాయి కదా, ఆ కింది చప్పుడన్నమాట. పాట మొత్తం దాని మీదే నిలబడుతుంది, పేరు మాత్రం పాడినవాడికి వస్తుంది. గ్రేస్ దగ్గరున్నది చర్చివాళ్ళ పాత, బరువైన నాలుగు తీగల గిటార్. అది వాయించిన ప్రతి ఆదివారం రాత్రి ఆమె భుజానికి జండూబామ్ రాసుకోవాలి. అలాంటి పిల్ల వాయింపు ఎవరో ఫోన్‌లో తీసి పంపగా విని, హైదరాబాద్ స్టూడియోవాళ్ళు క్రిస్మస్ పాటల రికార్డింగుకు పిలిచారు. ఐదు తీగలదైతే స్వరం ఇంకా కిందికి దిగుతుంది, అది తెచ్చుకో అన్నారు. బడి మానేసి బతుకంతా వాయిస్తూ ఉండాలని ఆమె కోరిక. దానికి తలుపు తెరుచుకోవడం ఇదే మొదలు.

ఆమె తొందరపడి ఒక బొమ్మ గీసుకుంది. తేలికైన చెక్క, తన చిన్న చేతికి సరిపడే సన్నని మెడ, ఐదు తీగలు. సూర్యాపేటలో దర్వాజాలు చేసే అచ్చయ్యకు చూపించింది. అచ్చయ్య బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, దసరా పోగానే చేసిస్తానన్నాడు. అంతటితో పని అయిపోయేదే. అదృష్టం బాగుండి ఆమె పెదనాన్న పాపయ్య అడ్డుపడ్డాడు. ఆయన మండలాఫీసులో పనిచేసి రిటైరైనవాడు.

"నలుగురి చెవుల ఎయ్యకుంట గింత పని వెట్టుకుంటవా బిడ్డా? రేపు మమ్ముల అడగలేదని అంటరు."

"గిటారే కదా పెదనాన్నా."

"గిటారైతేంది, బోరుబాయి అయితేంది. పద్ధతి పద్ధతే."

ఆ విధంగా కమిటీ ఏర్పడింది. మిర్యాలగూడ రైస్‌మిల్లు యజమాని భాస్కర్ గారిని అధ్యక్షులుగా ఎన్నుకున్నాం. ఆయనకు గిటార్ గురించి ఏమీ తెలియదు కాబట్టి నిష్పక్షపాతంగా ఉంటారని అందరమూ నమ్మాం. పైగా మిల్లు ఆఫీసులో ఏసీ ఉంది.

మొదటి సమావేశంలోనే ఒక ఘోరమైన లోపం బయటపడింది. బొమ్మలో గిటార్‌కు బొక్క లేదు. "బొక్క లేకుంటే సప్పుడు యాడికెళ్ళి వస్తది?" అని అధ్యక్షులు అడిగారు. ఇది కరెంటుదని, చప్పుడు స్పీకర్లోంచి వస్తుందని గ్రేస్ విన్నవించుకుంది. కరెంటు పోతే బాధ్యత ఎవరిదని సభ్యులు నిలదీశారు. ముందుజాగ్రత్తగా రెండు బొక్కలు పెట్టాలని తీర్మానించాం.

తరువాత తీగల కేటాయింపు చేపట్టాం. మూడు పట్టణాలకు తలా ఒకటి, నాలుగోది మహిళలకు. మహిళా కోటాపై చర్చ చాలా ఉన్నతంగా సాగింది. కుర్చీలు చాలక గ్రేస్ బయట వరండాలో నిలబడి విన్నది. ఐదోది అన్నిటికన్నా లావు తీగ కావడంతో అది మాకు కావాలంటే మాకు కావాలని మూడు పట్టణాలూ పట్టుబట్టాయి. ఇంతలో అనంతగిరి, నడిగూడెం, తుంగతుర్తి నుంచి ఆటోల్లో జనం దిగారు. మా మండలాలు ఏం పాపం చేశాయని అడిగారు. సామాజిక న్యాయం దృష్ట్యా తీగలను ఎనిమిదికి పెంచాలని సూత్రప్రాయంగా అంగీకరించాం.

"ఐదుంటే చాలండి. అంతకంటే నా వేళ్ళకు అందవు" అంది గ్రేస్ వరండాలోంచి.

"ఏళ్ళ సంగతి తర్వాత సూద్దాం తల్లీ. ముందు న్యాయం కావాలె" అన్నారు అధ్యక్షులు. ఆ మాటకు సభ చప్పట్లతో మారుమోగింది.

దాతల విషయానికి వద్దాం. బడికి ఫ్యాను ఇచ్చినా, బస్టాపుకు బల్ల ఇచ్చినా దాని మీద తండ్రి పేరు రాయించుకోవడం మన సంప్రదాయం. అధ్యక్షులు పాత గోదాము తలుపు నుంచి టేకు పలక విరాళమిచ్చారు. కీర్తిశేషులైన వారి తండ్రిగారి పేరు గిటార్ ముందుభాగాన, దూరం నుంచి కూడా కనబడేలా చెక్కాలన్నారు. మిగతా దాతలకు మెడ మీది మెట్లు తలా ఒకటి ఇచ్చాం. అప్పుడొక సాంకేతిక సమస్య తలెత్తింది. గ్రేస్ మెట్టు మీద వేలు పెడితే దాత తండ్రి పేరు కనబడదు. చచ్చినవాళ్ళ పేరు మీద వేలు పెట్టడమేమిటని కొందరు బాధపడ్డారు కూడా. దీర్ఘంగా ఆలోచించి, పేర్లున్న మెట్ల మీద వేలు పెట్టరాదని నిర్ణయించాం. మిగిలిన రెండు మెట్ల మీద ఆమె స్వేచ్ఛగా వాయించుకోవచ్చు.

పేర్లన్నీ పట్టడానికి చెక్క వెడల్పు పెంచుతూ పోయాం. "ఇంక జర పెంచితే డబుల్ దర్వాజ అయితది" అన్నాడు అచ్చయ్య. ఆయన గొంతులో ఫిర్యాదేమీ లేదు. తనకు తెలిసిన పనిలోకి వస్తున్నందుకు సంతోషంగానే ఉన్నాడు.

శంకుస్థాపన లేకుండా నిర్మాణం ఉండదు గనుక గ్రానైటు శిలాఫలకం చెక్కించాం. పేర్ల వరుసలో పొరపాటు జరిగిందని కొందరు అలగడంతో ఇంకొకటి చెక్కించాం. గ్రేస్ పేరు ఎక్కడుందని పాపయ్య అడిగాడు. ఆమె "తదితరులు"లో వచ్చింది.

ఈలోగా రికార్డింగు ఇక రేపే అన్న రోజు రానే వచ్చింది. గిటార్ కాలేదని చెప్పడానికి గ్రేస్ స్టూడియోకు ఫోన్ చేసి ఏడ్చింది. అవతలివాళ్ళు నవ్వి, "మా దగ్గర ఒకటి ఉంది, దాంతో వాయించు. రేపు పొద్దున పదకొండింటికల్లా నువ్వు ఇక్కడుంటే చాలు" అన్నారట. ఆ పిల్ల ముఖం వెలిగిపోవడం నేను కళ్ళారా చూశాను.

ఇంత కష్టపడుతున్న కమిటీని కాదని పరాయి గిటార్ ముట్టుకుంటుందా అని మా మనసు చివుక్కుమంది. అయినా పెద్దమనసు చేసుకున్నాం. హైదరాబాద్ వెళ్ళే మన ఆడబిడ్డను దారిలోనే సన్మానించాలని నిశ్చయించాం.

కోదాడ నుంచి ఆమె ఎక్కిన తెల్లవారుజాము బస్సును సూర్యాపేటలో డప్పులతో, ఫ్లెక్సీతో అడ్డగించాం.

"వద్దండి, టైముకి చేరాలి. మీకు దండం పెడతాను" అంది గ్రేస్ కిటికీలోంచి.

"ఐదే నిమిషాలు బిడ్డా. పెద్దమనుషుల మాట తీసెయ్యొద్దు" అని పాపయ్య చెయ్యి పట్టుకుని దింపాడు.

డ్రైవరు కాసేపు హారన్ కొట్టి వెళ్ళిపోయాడు. కారులో దింపే ఏర్పాటు అధ్యక్షులవారు చూస్తారని ఆమెకు ధైర్యం చెప్పాం. అధ్యక్షులవారు మిర్యాలగూడ నుంచి రావలసి ఉంది. ఫోన్ చేసిన ప్రతిసారీ "దగ్గర్నే ఉన్న" అన్నారు. ఆయన వచ్చేలోగా ఎనిమిది తీగల తరఫునా వక్తలు మాట్లాడారు. ఒకరిని పిలిచి ఒకరిని మానలేం కదా. గ్రేస్ మెడలో దండలు, భుజాల మీద శాలువాలు పడుతున్నాయి. చేతిలో ఫోన్ మోగుతోంది. వేదిక మీద ఫోన్ మర్యాద కాదని పాపయ్య దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు.

ఎట్టకేలకు భాస్కర్ గారు వచ్చి ప్రసంగించారు. "ఇయ్యాల మన గ్రేస్ హైదరాబాద్‌ల వాయిస్తున్నదంటే, అది మన మూడు పట్టణాల ఐక్యతకు నిదర్శనం. ప్రతిభను గుర్తించుడు మన రక్తంలనే ఉన్నది." అప్పటికి పన్నెండు దాటింది.

మైకు గ్రేస్‌కు ఇచ్చారు. ఆమె పెదనాన్న జేబులోంచి ఫోన్ తీసుకుని, వచ్చిన మెసేజ్ చూసింది.

"పోనిచ్చుంటే వాయించేదాన్నండి. ఇప్పుడు వేరేవాళ్ళు వాయిస్తున్నారంట."

భాస్కర్ గారు మైకు అందుకుని, "సూసిండ్రా, ఎంత వినయమో" అన్నారు. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేనైతే గర్వంతో అందరికన్నా ఎక్కువసేపు కొట్టాను.

మరునాడు పేపర్లో ఫొటో వచ్చింది. అందరమూ బాగానే పడ్డాం.

గ్రేస్ ఇప్పుడు లెక్కలే చెప్పుకుంటోంది. ఎవరైనా అడిగితే తనకు వాయించడం రాదంటోంది. ఆమె ఒక్కతే కాదు, ఈ మధ్య మా మూడు పట్టణాల్లో ఎవరిని కదిలించినా తమకు ఏ విద్యా రాదనే అంటున్నారు. పాడే పిల్లలున్న ఇళ్ళలో కిటికీలు మూసి పాడిస్తున్నారని వినికిడి. ఇంత ప్రోత్సాహం ఇస్తున్నా ప్రతిభ ఎందుకు కరువైందో కమిటీకి అంతుపట్టడం లేదు. కనుక పాఠకులకు మనవి. మీ ఇంట్లో ఎవరికైనా ఏదైనా బాగా వచ్చినట్లయితే దాచవద్దు. చిరునామా తెలిపితే చాలు, శాలువాలు తీసుకుని మేమే వస్తాం.