మూఢాల్లో యాభై పళ్లేలు

ఆ శనివారం పొద్దున మోతీలాల్ అనుకున్న పని పెద్దదేమీ కాదు. పదకొండింటికి సాగర్ డ్యాం చూడబోయే పర్యాటకుల బస్సు త్రిపురారం దగ్గర తండాలో అతని ఇంటి ముందు ఆగుతుంది. వచ్చినవాళ్లకు మోదుగాకు విస్తళ్లలో జొన్నరొట్టెలు, కుండల్లో నీళ్లు. ప్లాస్టిక్ కనపడకూడదన్నది బస్సు తెచ్చే దీప్తి మేడం షరతు. నచ్చితే ప్రతి శనివారం ఆపుతానంది. కరోనా వచ్చినప్పటి నుంచి ఆ ఇంటి ముందు ఒక్క బస్సూ ఆగలేదు.

ఏడింటికి ఆ విస్తళ్లను బక్కయ్య గొర్రెలు తినేశాయి.

"ప్లాస్టిక్‌వైతే ముట్టకపోతుండె" అన్నాడు బక్కయ్య, గొర్రెల తరఫున.

మోతీలాల్ మిర్యాలగూడలో టెంట్‌హౌస్ నడిపే నగేష్‌కు ఫోన్ చేశాడు. "అన్నా, యాభై స్టీలు ప్లేట్లు జల్ది పంపు. జనం వస్తున్నరు."

అవి మూఢాలు. పెళ్లిళ్లు లేవు, గృహప్రవేశాలు లేవు. అలాంటి రోజుల్లో పొద్దున్నే పళ్లేలు అడిగితే టెంట్‌హౌస్ వాళ్లకు తోచేది ఒక్కటే. ఎవరు పోయారని అడగడం మర్యాద కాదు. మోతీలాల్ తల్లి సోమ్లికి ఎనభై దాటాయని నగేష్‌కు తెలుసు.

"ధైర్యంగ ఉండు తమ్మీ."

"ధైర్యంగనే ఉన్న. మూడేండ్ల సంది గీ రోజు కోసమే సూస్తున్న."

నగేష్ గబుక్కున ఫోన్ పెట్టేశాడు. తర్వాత కోదాడలో ఉన్న మోతీలాల్ బావ బాలాజీకి సోమ్లి పోయిందని కబురు చెప్పాడు.

తొమ్మిదింటికి నగేషే ట్రాలీ వేసుకొచ్చాడు. పళ్లేలతోపాటు శామియానా, శవాన్ని ఉంచే ఫ్రీజరు పెట్టె కూడా దిగాయి. అరుగు మీద రొట్టె తింటున్న సోమ్లి తలెత్తింది.

"ఎవరు పోయిన్రు బిడ్డా?"

"ఎవ్వరు పోలే అవ్వా" అన్నాడు నగేష్. అప్పుడు అతనికి కోదాడ గుర్తొచ్చింది. కబురు తప్పని చెప్పబోతే బాలాజీ ఫోన్ ఎత్తలేదు.

మోతీలాల్ భార్య తారా పెట్టె చుట్టూ ఒకసారి తిరిగింది. "కొత్తదేనా అన్నా?"

"కొత్తదే. ఇంక బోణీ కాలే."

ఆమె కరెంటు పెట్టి, నీళ్ల కుండలు లోపల సర్ది, పైన దుప్పటి కప్పింది.

బస్సుకు ఐదు నిమిషాల ముందు బాలాజీ భార్య, మోతీలాల్ అక్క సింధు ఆటో దిగింది. పోయిందనుకున్న తల్లిని అరుగు మీద చూసి అలాగే నిలబడిపోయింది. చాలా రోజులకు కలిసిన ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని పాటగా ఏడవడం తండాల్లో ఆచారం. కరోనాలో తండ్రి పోయినప్పుడు ఆమెను దారిలోనే ఆపేశారు. తర్వాత వచ్చినా మూతులకు గుడ్డలు, మధ్య దూరం. ఆ ఏడుపు అలా మిగిలిపోయింది. ఇప్పుడు తల్లీ కూతుళ్లు దాన్ని పూర్తిచేశారు. బస్సు దిగినవాళ్లు చెప్పులు విప్పి, చప్పుడు చేయకుండా విన్నారు.

తిన్నాక దీప్తి మేడం అంది: "రొట్టెలు బాగున్నాయి. నీళ్లు ఇంత చల్లగా ఎట్లా?"

"కుండ మేడం" అంది తారా.

"ప్రతి శనివారం ఆపుతాం. ఆ స్వాగతం పాట కూడా ఉండాలి."

"వారం వారం ఏడుపు రాదు బిడ్డా" అంది సోమ్లి. "నీళ్లిస్తం."

మేడం నీళ్లకు ఒప్పుకుంది.

సాయంత్రం నగేష్ పెట్టె ఎక్కించబోతే మోతీలాల్ అడ్డం నిలబడ్డాడు. "శనివారం దాకా ఉండనీ అన్నా."

"ఈలోపల ఎవరన్నా పోతే?"

సోమ్లి ఆలోచించి చెప్పింది. "నేనైతే పోను."