కూర్చోకూడని కుర్చీ

“ఈ భూమ్మీద తెలివన్నది ఇద్దరికే సరిగ్గా అందింది పోలయ్యా. రెండోవోడు ఎవడో నానింకా ఎతుకుతన్నాను.”

టాటానగర్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో రిటైరైన మా వరహాలు ఈ ప్రకటన చేసింది సిద్ధగోరాలో, మా వరండాలో, నా కప్పులో టీ తాగుతూ. రిటైరైన మర్నాటి నుంచీ అతను డిటెక్టివ్. ఇంతవరకు ఛేదించిన కేసు ఒక్కటే, పక్కింటివాళ్ళ మేక తప్పిపోవడం. అది తన దారిన తాను ఇంటికొచ్చేసింది. తన దర్యాప్తుకు బెదిరే వచ్చిందని వరహాలు ఇప్పటికీ చెబుతాడు. నేను అతని స్నేహితుణ్ణి. ఈ పదవికి రాజీనామా చేసే వీలు లేదు.

అప్పుడే మా చెల్లెలి కూతురు రోహిణి ఫోన్ చేసింది. ఏడుస్తోంది.

“మావయ్యా, నా కుర్చీ లేదు.”

రోహిణి ఇనుముతో శిల్పాలు చేస్తుంది. ఊళ్ళో జరుగుతున్న ఆర్ట్ ఫెయిర్‌లో కలకత్తా గ్యాలరీ ఒకటి స్టాల్ పెట్టి, శిల్పాలతో పాటు శిల్పాల్లాంటి బల్లలూ కుర్చీలూ చూపిస్తోంది. అలాంటి కుర్చీలను జనం కూర్చోవడానికి కొనరు, దాచుకోవడానికి కొంటారట. పాత లేత్ మిషన్ల చక్రాలు, గేర్లు అతికించి రోహిణి చేసిన కుర్చీ అక్కడ ‘తాకరాదు’ అన్న బోర్డు వెనక ఉండేది. అక్కడి పెద్ద ప్రదర్శనకు శిల్పాలు ఎంచడానికి ఢిల్లీ నుంచి వచ్చిన మేడం ముందురోజు దాని చుట్టూ తిరిగి, “అందంగానే ఉంది. కానీ ఇందులో మనిషి కూర్చోగలడంటే నమ్మకం కలగడం లేదు. రేపు సాయంత్రం చెబుతాను” అందట. ఆవిడ ఔనంటే కుర్చీ ఢిల్లీ ప్రదర్శనకు వెళ్తుంది. కాదంటే గ్యాలరీవాళ్ళు రోహిణిని మళ్ళీ పిలవరు. ఆ పిల్ల వెల్డింగ్ కట్టిపెట్టి టెల్కో కాలనీలో ట్యూషన్లు చెప్పుకోవాల్సిందే. ఇప్పుడు అసలు కుర్చీయే మాయమైంది.

వరహాలు సెప్టెంబరు ఎండలో రైల్వే చలికోటు తొడుక్కుని బయల్దేరాడు. స్టాల్లోకి వెళ్ళగానే భూతద్దంతో నేల మీద బోర్లా పడుకున్నాడు. కుర్చీ ఉండాల్సిన చోట కాస్త పసుపు, కొన్ని నీటి చుక్కలు, నాలుగు బంతిపూల రేకులు ఉన్నాయి.

“పసుపు. ఏలిముద్రలు చెరపడానికి విదేశీ ముఠాలు వాడతాయి. నీటి చుక్కలున్నాయంటే సరుకు జలమార్గాన పోయింది. ఈపాటికి సువర్ణరేఖ నది దాటించేసుంటారు.”

“మరి బంతి రేకులో?” అన్నాను.

“అవి మనల్ని తప్పుదోవ పట్టించడానికి ఏసినవి. నువ్వు అప్పుడే పట్టావు.”

“అంకుల్, టెంట్ వేసినవాళ్ళని అడుగుదాం” అంది రోహిణి.

“ఎవులికీ చెప్పకూడదు. చెపితే దొంగ జాగర్త పడతాడు. గుట్టు మన ముగ్గుర్లోనే ఉండాల.”

“అరే అంకుల్, పూఛ్‌నే మే క్యా హై?”

అడిగితే పోయేదేమీ లేదని నాకూ తెలుసు. కానీ వరహాలు గొంతు పార్సిల్ ఆఫీసులో పెద్దపెద్దవాళ్ళనే నోరు మూయించింది. మేమూ మూసుకున్నాం.

పక్క స్టాల్లో ఒక బెంగాలీ శిల్పి ఉన్నాడు. బారెడు గడ్డం.

“సూసావా పోలయ్యా? ఆ గడ్డం అంటించుకున్నదే.”

నేను ఆపేలోపే వెళ్ళి పట్టుకుని లాగాడు. ఆ పెద్దమనిషి పెట్టిన కేకకు ఫెయిర్ సగం మా చుట్టూ చేరింది. నేను అందరికీ దణ్ణాలు పెట్టి వచ్చేసరికి వరహాలు తల పంకిస్తున్నాడు.

“జిగురు చానా గట్టిది” అన్నాడు.

మధ్యాహ్నానికి రోహిణి ఆ బోర్డు పక్కన నేల మీదే కూలబడింది. చేతుల నిండా వెల్డింగ్ రవ్వలు పడి కాలిన మచ్చలు. ఈ మహానుభావుణ్ణి వెంటబెట్టుకొచ్చినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

సాయంత్రానికి వరహాలు కూడా మాయమయ్యాడు. ఇక దాచడం నా వల్ల కాలేదు. ఫెయిర్ ఆఫీసులో చెప్పేద్దామని రోహిణిని లేవదీశాను. గుమ్మంలోనే ఢిల్లీ మేడం ఎదురైంది. విషయం విని, తనూ వస్తానని మా వెంట నడిచింది.

ఆఫీసు దారి టెంట్ వెనకనుంచి. అక్కడ కిచిడీ వాసన గుప్పుమంది. పర్సుడీహ్ నుంచి వచ్చిన టెంట్ పనివాళ్ళు, మన శ్రీకాకుళం వాళ్ళే, విశ్వకర్మ పూజ చేస్తున్నారు. జనరేటరు, డ్రిల్ మిషన్లు, వెల్డింగ్ సెట్టు అన్నీ కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేశారు. ఊరంతా పూజే అని తెలిసి కూడా పొద్దుట్నుంచి మాకు తట్టలేదు.

వాటి నడుమ, ఎర్రగుడ్డ కప్పిన కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు బారజాపి, దొన్నెలో కిచిడీ తింటున్నాడు వరహాలు.

పనివాళ్ళ పెద్ద దాలమ్మ హారతి పళ్ళెంతో వచ్చి అతన్ని చూసి ఆగిపోయింది.

“లెగు బాబూ. పూజలో ఎట్టిన మిసను మీద కూకున్నావేటి?”

“మిసనేటి? కుర్చీ కదా.”

“కుర్చీకి చక్రాలుంటాయేటి? పొద్దున్న స్టాలు ఊడుత్తంటే అగుపించింది. ఈరోజు బొట్టన్నా లేకుండా మిసన్ని ఒగ్గేత్తే ఆ పిల్లకి మంచిది కాదని, మేమే అక్కడే కడిగి, పసుపూ పూలూ ఎట్టి, మోసుకొచ్చినాం. హారతయ్యాక మల్లీ అక్కడే ఎట్టేత్తాం.”

ఆమె గుడ్డ అంచు పైకెత్తింది. పసుపు పూసిన గేర్లు, చక్రాలు. “నా కుర్చీ!” అంది రోహిణి.

వరహాలు మెల్లగా కిందికి చూశాడు. దొన్నె వదలకుండానే అన్నాడు.

“పోలయ్యా, కేసు తేలిపోయింది. సొత్తు నా స్వాధీనంలోనే ఉంది.”

మేడం మాత్రం కుర్చీని చూడడం లేదు. కుర్చీ నిండా ఉన్న వరహాలును చూస్తోంది. చాలాసేపట్నుంచి కూర్చున్నారా అని హిందీలో అడిగింది.

“బహుత్ దేర్ సే. కమర్ కా దర్ద్ భీ గాయబ్” అన్నాడు వరహాలు. నడుం నొప్పి మాయం కావడం కూడా తన ఘనతే అన్నట్టు మీసం తిప్పాడు.

మేడం అతన్ని లేవమని, తను కూర్చుని వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. దాలమ్మ మిషన్లన్నిటికీ హారతిస్తూ, వరసలో ఉందని ఆవిడ నుదుటికీ బొట్టు పెట్టేసింది. కాసేపటికి మేడం కళ్ళు తెరిచింది.

“ఢిల్లీకి పంపించు.”

రోహిణి దాలమ్మ భుజం మీద తల పెట్టి భోరున ఏడ్చింది. నా కన్నీళ్ళూ ఆగలేదు, దాచుకోలేదు.

వెళ్తూ వెళ్తూ మేడం వరహాలు వైపు అనుమానంగా చూసింది. కోటు వీపు మీద ఎర్రగుడ్డలోంచి ఊరి గేర్ల ఆకారంలో అంటిన పసుపు ముద్రలు, మీసానికి కిచిడీ. ఈయన కూడా ఈ కళాఖండంలో భాగమేనా అని అడిగింది.

“కాదు మేడం, కుర్చీ ఒక్కటే వస్తుంది. అంకుల్ మాకు ఇక్కడే కావాలి” అంది రోహిణి.

వరహాలు మీసం తుడుచుకున్నాడు. దాలమ్మ దగ్గరికి వెళ్ళి ఇంకో దొన్నె కిచిడీ అడిగాడు.