వీధిపోటు లేని రోడ్డు

అమలాపురం నుంచి హైవేకి నాలుగు కిలోమీటర్ల లింకు రోడ్డు మంజూరైంది. ఇంజనీరు అనిరుధ్ దాన్ని స్కేలు పెట్టి తిన్నగా గీశాడు. ఉద్యోగానికి కొత్త, లోకం తెలియదు.

ఆ తిన్నటి రోడ్డు హైవేని తాకే చోట, అవతలి పక్కన, రోడ్డు సాధన సమితి అధ్యక్షులు ముత్యాలరాజు గారి మేడ ఉంది. ఈ రోడ్డు కోసం ఆయన మూడేళ్లపాటు టెంటు కింద కూర్చుని రోజూ భోజనాల వేళదాకా నిరాహారదీక్ష చేశారు. మ్యాపు చూస్తే రోడ్డు సరాసరి ఆయన సింహద్వారానికే గుచ్చుకుంటోంది. దీన్ని వీధిపోటు అంటారు. పోటున్న ఇంట్లో యజమాని నిలవడని శాస్త్రం. ప్రజాసేవకుడే నిలవకపోతే ప్రజలేమైపోవాలి?

సమితి అత్యవసరంగా సమావేశమై, ప్రజాప్రయోజనం దృష్ట్యా రోడ్డును తూర్పుకి వంచమని తీర్మానించింది. వంచారు. వంపు దగ్గర రోడ్డు ముక్కు కోశాధికారి సూర్యకాంతం గారి ఇంటివైపు తిరిగింది. ఆవిడ రెండు రోజులు మంచం దిగలేదు. మళ్లీ వంచారు. ఈసారి కార్యదర్శి గారిల్లు. ఈశాన్యపు పోటు ఐశ్వర్యమని విన్న మరో ముగ్గురు, తమ ఈశాన్యానికి రోడ్డు గుచ్చమని అర్జీలు పెట్టారు. పౌరచైతన్యం అంటే అదీ. నాలుగు కిలోమీటర్లు పదకొండయ్యాయి.

ఇదంతా అమ్మిరాజు కొబ్బరిచెట్టు మీంచి చూస్తూనే ఉన్నాడు. అతను చెట్లెక్కి కాయలు కోసే దింపు మనిషి. చెట్టెక్కితే సర్వేవాళ్ల ఎర్రజెండాలన్నీ కనిపిస్తాయి. హైవేకి రెండు వందల గజాల ఇవతల, రెండు సెంట్లలో అతని పాక కూడా కనిపిస్తుంది.

"జెండాలు ఎందాకా వచ్చేయి?" కింద కాయలు పోగేస్తూ అడిగింది పెళ్లాం చిన్నమ్మలు.

"కార్యదర్శి గారి దొడ్డి దాటేయి. మన గుమ్మంకేసే చూత్తన్నాయి."

"మనమేం చేసేం?"

"ఏం చెయ్యలేదు. అర్జీ పెట్టనోళ్లం మనవేనంట."

అమ్మిరాజు చొక్కా వేసుకుని సమితి సమావేశానికి వెళ్లాడు. వాస్తు సలహాదారు పురుషోత్తం సిద్ధాంతి గారు ముందు వరసలో ఉన్నారు.

"మరి మా ఇంటికి పోటు కాదాండీ?"

"నీ ఇంటికి ఎన్ని ద్వారాలు?"

"ఒకటేనండీ."

"అయితే అది ద్వారం కాదు, కన్నం. కన్నానికి వాస్తు లేదు."

సభ హాయిగా నవ్వింది. అమ్మిరాజు కూడా మర్యాదకి నవ్వాడు.

"ఆయ్. అలాగేనండీ. కాకపోతే రేప్పొద్దున్న నేను పోతే, తవఁరి చెట్లెక్కడానికి మనిషి దొరకడండీ."

చుట్టుపక్కల అయిదూళ్లకి చెట్టెక్కేవాళ్లు ముగ్గురే మిగిలారు. అందులో ఒకడికి నడుం పట్టేసింది. సూర్యకాంతం గారి తోటలో రెండు నెలల కాయ చెట్టుమీదే ఉంది. అమ్మిరాజు పోవడమనే ఆలోచనకే ఆవిడ కళ్లు చెమర్చాయి.

ముత్యాలరాజు గారు గద్గదస్వరంతో లేచారు. "అమ్మిరాజు మన మనిషి. అతని వెంట్రుకకి కూడా ఆపద రాకూడదు. సిద్ధాంతి గారూ, మార్గం చెప్పండి."

సిద్ధాంతి గారు చాలాసేపు వేళ్లు లెక్కపెట్టారు.

"పోటు ఇంటికి కదండీ. ఇల్లు లేకపోతే పోటూ లేదు."

చప్పట్లు మోగాయి. మర్నాడే పాక తీయించి అమ్మిరాజు ప్రాణం కాపాడారు. చిన్నమ్మలుకి చీర పెట్టారు. అతనికి శాలువా కప్పారు. ఆ శాలువాలోనే గిన్నెలు మూటగట్టుకుని వాళ్లు కాలవగట్టుకి మారారు.

రోడ్డు పాక ఉన్న చోటికి వచ్చి ఆగిపోయింది. ఇంకా ముందుకెళ్తే మళ్లీ అధ్యక్షుల వారి మేడే. అక్కడ దిగి, చేలగట్టు మీద నడిస్తే హైవే వస్తుంది. అంబులెన్సు వాళ్లు కూడా అలాగే నడుస్తున్నారు.

అమ్మిరాజు సంగతి విన్నవాళ్లంతా అయ్యో పాపం అన్నారు. అని, ఇంటికెళ్లి తమ గుమ్మం ఎటు చూస్తోందో ఒకసారి చూసుకున్నారు. మీరు ఈపాటికే చూసుకుని ఉంటారు.