పచ్చదీపం చెత్తడబ్బా

"నేటితో నగర పారిశుద్ధ్య చరిత్రలో చీకటియుగం ముగిసింది!" అని మాదన్నపేట గల్లీలో మైకు పట్టుకుని ప్రకటించారు పారిశుద్ధ్య అధికారి వేణుమాధవ్.

చీకటియుగం ముగిసిన చోట స్టీలు చెత్తడబ్బా ఒకటి వెలిసింది. లోపల యంత్రపు కన్ను, పైన దీపం. ఖాళీగా ఉంటే పచ్చదీపం, చెత్త పడితే ఎర్రదీపం. ఆ కబురు టెలిఫోన్ తీగ మీద ఆఫీసు కంప్యూటర్‌కు చేరుతుంది. ఎరుపు కనిపిస్తేనే లారీ కదులుతుంది. ఎంత డీజిలు ఆదా!

శుక్రవారం ఢిల్లీ బృందం చూడటానికి వస్తోంది. అందాకా పచ్చదీపం ఆరకూడదని హుకుం. ప్రహ్లాద్ అనే వాచ్‌మన్‌ను కాపలా పెట్టారు. చెత్తబుట్టతో వచ్చిన ఖదీజాను అతను ఆపాడు.

"ఖదీజమ్మా, గా డబ్బాల ఎయ్యకు! డబ్బా ఖరాబైతది!"

"చెత్త డబ్బాల ఎయ్యక నా నెత్తి మీద పెట్టుకోవాల్నా ఏంది?"

నెత్తి మీద ఎవరూ పెట్టుకోలేదు. పరబ్రహ్మం గారి గోడ పక్కన పెట్టారు. డబ్బా పచ్చగా ఉంది గనుక లారీ రాలేదు. లారీ రాలేదు గనుక కుప్ప గోడంత ఎదిగింది.

పరబ్రహ్మం భార్య పోయిన రిటైర్డు లెక్చరరు. పొద్దుటిపూట కుప్ప మీది గాలి అవతలికి వీస్తే చాలు, అదే భాగ్యం అనుకునే మనిషి. కానీ పక్కింటి మహబూబ్, ఖదీజాల గుమ్మానికి ఆ కుప్ప దాటుకునే వెళ్లాలి. శుక్రవారం సాయంత్రమే వాళ్ల కూతురు అలీనా నిశ్చితార్థం. భార్య పోయిన రోజుల్లో ఆయన గుమ్మంలో అన్నం గిన్నె పెట్టి, పలకరించి బాధపెట్టకుండా వెళ్లిపోయిన పిల్ల అలీనా.

ఆయన ఆఫీసుకు వెళ్లారు. వేణుమాధవ్ కంప్యూటర్ తెర ఇటు తిప్పారు.

"చూడండి మాస్టారూ, మీ గల్లీలో చెత్త నిల్."

"వాసన వస్తోందండీ."

"తెర మీద రావడం లేదే!"

శుక్రవారం కుప్ప చుట్టూ చెట్ల బొమ్మలున్న గుడ్డ కట్టారు. ఢిల్లీ బృందం దండలు వేయించుకుంది. అప్పుడు పరబ్రహ్మం గుడ్డ వెనక నుంచి బుట్టెడు చెత్తతో వచ్చారు. ప్రహ్లాద్‌కు సరిగ్గా అప్పుడే ఆకాశంలో గాలిపటం కనిపించింది! పరబ్రహ్మం వినయంగా బుట్ట డబ్బాలో బోర్లించారు.

ఎర్రదీపం! వేణుమాధవ్ ముఖం పాలిపోయింది. కానీ లారీ నిజంగానే వచ్చేసింది. బృందం చప్పట్లు కొట్టింది.

"వాహ్! మరొక్కసారి!"

లారీ కుప్పను ఆనుకునే ఆగింది. అయినా కూలీలు కుప్పను ముట్టలేదు.

"కుప్పకు ఆర్డర్ లేదు సార్, డబ్బాకే ఉన్నది."

సరే, కుప్పలోంచి డబ్బాలోకి, డబ్బాలోంచి లారీలోకి! మహబూబ్ చొక్కా చేతులు పైకి మడిచాడు, గల్లీ అంతా బుట్టలు పట్టింది. ఎర్రదీపం వెలిగినప్పుడల్లా ఢిల్లీ చప్పట్లు. పెళ్లివారు వచ్చేసరికి పరబ్రహ్మం గారి గోడ అడుగుదాకా కనిపించింది. ఖదీజా ఇంట్లో అత్తరు వాసన అత్తరులాగే ఉంది.

తర్వాత కంప్యూటర్ తీర్పు వెలువడింది. ఎర్రదీపం ఎక్కువసార్లు వెలిగింది గనుక నగరంలో అతి మురికి గల్లీ ఇదే! డబ్బా ఊడపీక్కుపోయారు. శుభ్రతలో ప్రథమ బహుమతి వేణుమాధవ్ సొంత వీధికి దక్కింది. అక్కడి డబ్బాకు ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పనే లేదు. కవరు లోపలినుంచే పచ్చగా వెలుగుతోంది.

ఇక్కడ పాత సిమెంటు తొట్టి మళ్లీ వచ్చింది, రోజూ పొద్దున్నే లారీ కూడా.

"మన గల్లీ సిటీల అన్నిటికన్న గలీజంట సార్! మస్తు బేయిజ్జతి!" అని మహబూబ్ వాపోయాడు.

పరబ్రహ్మం నిశ్చితార్థపు మిఠాయి కొరికి, గొంతు తగ్గించారు.

"మెల్లగా అను మహబూబ్. ఆఫీసువాళ్లు వింటే మళ్లీ శుభ్రం చేయడానికొస్తారు."